బస్సులో చేరుకోగల కొండదారులు: ఏ కొస నుంచి నడక మొదలుపెట్టాలి?

దారిబత్తెం

సభ్యులందరికీ నమస్కారం. నగరం నుంచి మామూలు సర్వీసు బస్సులో గంటన్నర లోపు చేరుకోగల కొండల్లో నడవడం మొదలుపెట్టి నాకు ఆరు నెలలైంది. సొంత వాహనం లేదు. ఇప్పటిదాకా బస్సు దిగిన చోటికే తిరిగి వచ్చే చిన్న దారులు మాత్రమే నడిచాను. ఈసారి ఒక కొసన మొదలై మరో కొసన ముగిసే దారిని ఎంచుకున్నాను. ఆ రెండు కొసలకూ బస్సులు ఉన్నాయి కాని, ఒకే తీరుగా లేవు. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

దారి పొడవు 14 కిలోమీటర్లు. దిగువ కొస 180 మీటర్ల ఎత్తులో, పెద్ద రోడ్డును ఆనుకొని ఉంది. అక్కడికి రాత్రి తొమ్మిది దాకా అరగంటకొక బస్సు ఉంది. ఎగువ కొస 440 మీటర్ల ఎత్తులో ఉన్న చిన్న ఊరు. అక్కడికి రోజు మొత్తంలో మూడే ట్రిప్పులు: ఉదయం 7:50కి, మధ్యాహ్నం 1:10కి, సాయంత్రం 6:40కి బస్సు చేరుతుంది, పది నిమిషాలు ఆగి అదే బస్సు వెనక్కి బయలుదేరుతుంది. దిగువ నుంచి నడిస్తే మధ్యలో ఉన్న శిఖరంతో కలిపి మొత్తం 700 మీటర్లు ఎక్కి 440 మీటర్లు దిగాలి. ఎగువ నుంచి నడిస్తే లెక్క తారుమారవుతుంది.

బస్సులు ఎక్కువగా ఉన్న దిగువ కొస నుంచే మొదలుపెడదామని నేను అనుకుంటున్నాను. పొద్దున ఒక బస్సు తప్పినా మరొకటి దొరుకుతుంది కాబట్టి ఇంటి నుంచి హడావుడిగా బయలుదేరనక్కర లేదు. ఈ ఆలోచనలో లోపం ఉంటే అనుభవజ్ఞులు చెప్పగలరు.

చివరిసీటు

దారిబత్తెం గారూ, లోపం ఉంది. మొదట్లో మేమందరం చేసిన లోపమే అది, కాబట్టి నొచ్చుకోకండి.

ఉదయం బస్సు తప్పితే ఇంటి దగ్గర తప్పుతుంది. సాయంత్రం బస్సు తప్పితే కొండ కింద తప్పుతుంది. మొదటి దానికి మీరు చెల్లించేది ఆ రోజు నడక మాత్రమే. రెండవ దానికి ఏం చెల్లించవలసి వస్తుందో ముందుగా చెప్పలేం. అందుకని అరుదైన బస్సును ఎప్పుడూ పొద్దున పూటకే వాడుకోవాలి, తరచుగా వచ్చే బస్సును తిరుగు ప్రయాణానికి దాచుకోవాలి. మీ దారికి ఈ సూత్రాన్ని అన్వయిస్తే, 7:50కి ఊరు చేరే బస్సులో వెళ్లి పై నుంచి కిందికి నడవడమే సరైనది.

దీనికి మరొక కారణం కూడా ఉంది. పొద్దున మొదటి ట్రిప్పు బయలుదేరేది డిపో నుంచి కాబట్టి దానికి పాత ఆలస్యాలేవీ ఉండవు, అది దాదాపు చెప్పిన సమయానికే కదులుతుంది. సాయంత్రం ట్రిప్పు మాత్రం ఆ రోజంతా ఆ బస్సు పోగుచేసుకున్న ఆలస్యాలన్నిటినీ మోసుకొస్తుంది. పైగా 6:40 ఆ ఎగువ ఊరికి ఆఖరి ట్రిప్పు. ఆ ఒక్క బస్సు మధ్యదారిలో చెడిపోతే దాని వెనుక మరొకటి లేదు. నా లెక్కలో ఆఖరి బస్సు ఉన్నా లేనట్టే. దాని ముందు బస్సునే ఆఖరిదిగా అనుకొని ప్రయాణం వేసుకుంటాను.

పాతబూట్లు

చివరిసీటు గారు బస్సుల గురించి చెప్పినదంతా నిజమే, కాని మోకాళ్ల గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. పై నుంచి కిందికి అంటే వినడానికి సుఖంగా ఉంటుంది. 700 మీటర్లు దిగడం చిన్న విషయం కాదు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాసేపు నిలబడితే పోతుంది. దిగేటప్పుడు మాత్రం తొడ కండరాలు సాగుతూనే శరీర బరువును ఆపవలసి ఉంటుంది, మర్నాడు మెట్లు దిగలేకపోవడానికి కారణం అదే. యాభై దాటిన నాబోటి వాళ్లు దిగే దారి పొడవును చూసి కాక, ఆ వాలు ఎంత నిటారుగా ఉందో చూసి నిర్ణయించుకోవాలి.

మ్యాప్‌లో సమోన్నత రేఖలను, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసిన రేఖలను చూడండి. 1:50,000 స్కేలు మ్యాప్‌లో 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరుతో సమానం. ఆ 2 సెంటీమీటర్ల లోపల 20 మీటర్ల ఎత్తు తేడాకు ఒకటి చొప్పున గీసిన రేఖలు పది దాటితే, కిలోమీటరుకు 200 మీటర్లు దిగుతున్నారన్నమాట, అంటే దాదాపు 11 డిగ్రీల వాలు. రాళ్లు కదిలే చోట అంతకంటే నిటారైతే నేను కర్ర లేకుండా దిగను.

గడియారం

ఇద్దరి మాటలనూ కలిపి లెక్క వేసి చూద్దాం. నడక సమయాన్ని అంచనా వేయడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. నేటి కొలతల్లోకి మార్చుకుంటే, ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దానిపైన ఎక్కిన ప్రతి 600 మీటర్లకు మరొక గంట. దిగే వాలు గురించి అందులో ఏమీ లేదు. ఆ లోటును తర్వాత బ్రిటిష్ పర్వతారోహకుడు ఎరిక్ లాంగ్‌మ్యూర్ పూరించాడు: 5 నుంచి 12 డిగ్రీల దాకా ఉన్న వాలు మీద దిగిన ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు తీసివేయాలి, అంతకంటే నిటారైన వాలు మీద అదే 10 నిమిషాలు కలపాలి.

దిగువ నుంచి నడిస్తే 14 కిలోమీటర్లకు 2 గంటల 48 నిమిషాలు, 700 మీటర్ల ఎత్తుకు 1 గంట 10 నిమిషాలు, మొత్తం 3 గంటల 58 నిమిషాలు. ఊరి వైపు వాలు నిదానమైనదనుకుంటే 15 నిమిషాలు తగ్గి 3 గంటల 43 నిమిషాలవుతుంది. ఎగువ నుంచి నడిస్తే 2 గంటల 48 నిమిషాలకు 44 నిమిషాలు కలిసి 3 గంటల 32 నిమిషాలు. దిగుడంతా నిటారుదే అనుకున్నా మరో 23 నిమిషాలు చేరి 3 గంటల 55 నిమిషాలవుతుంది. అంటే కాలం దృష్ట్యా రెండు దిశల మధ్య తేడా పావుగంటకు లోపే.

ఈ సూత్రం ఆగకుండా నడిచే దృఢమైన మనిషికి చెప్పినది. విశ్రాంతికీ, ఫొటోలకూ, దారి తప్పి వెనక్కి రావడానికీ మూడో వంతు కలపడం నా అలవాటు. అప్పుడు దిగువ నుంచి దాదాపు 5 గంటలు, ఎగువ నుంచి 5 గంటల 13 నిమిషాలు.

ఇప్పుడు బస్సులు పెట్టి చూడండి. ఉదయం 8కి దిగువ నుంచి బయలుదేరితే ఊరు చేరేసరికి ఒంటిగంట. బస్సు 1:20కి కదులుతుంది. మీకున్న వెసులుబాటు ఇరవై నిమిషాలు. అది జారితే తర్వాతి బస్సు 6:50కి, అంటే అయిదున్నర గంటల నిరీక్షణ. అదే 8కి ఎగువ నుంచి బయలుదేరితే ఒంటిగంట పావుకు పెద్ద రోడ్డు చేరుతారు. ఒక గంట ఆలస్యమైనా, రెండు గంటలైనా మీ నిరీక్షణ అరగంటకు మించదు.

చివరిసీటు

గడియారం గారు నా సూత్రానికి అంకెలు తొడిగారు, ధన్యవాదాలు. పాతబూట్లు గారి అభ్యంతరాన్ని నేను కాదనను. మోకాళ్లు బాగా లేనివారు ఈ దారిని ఎగువ నుంచి శిఖరం దాకా వెళ్లి, అదే దారిన ఊరికి తిరిగి రావచ్చు. కాని అప్పుడు తిరుగు బస్సు మళ్లీ ఆ మూడింటిలో ఒకటే అవుతుందని మరచిపోకూడదు.

దారిబత్తెం

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒంటిగంటకు ఊరు చేరి, 1:20 బస్సు వెళ్లిపోవడం చూస్తూ నిలబడిన నన్ను నేను ఊహించుకున్నాను, కాబట్టి ఎగువ కొసకే ఓటు వేస్తున్నాను.

ఒక సందేహం మిగిలింది. ఊరికి రెండు కిలోమీటర్ల ముందు, లోయ మలుపులో ఒక స్టాప్ ఉంది. అక్కడ దిగితే తారురోడ్డు మీద నడక తప్పుతుంది. ఫోన్‌లోని యాప్ ఆ స్టాప్‌కు బస్సు 7:43కి వస్తుందని చూపిస్తోంది. అంత కచ్చితంగా నిమిషంతో సహా చెబుతున్నప్పుడు దాన్ని నమ్మవచ్చా?

గడియారం

ఉదయం దిగడానికి నమ్మవచ్చు, ఎందుకంటే మీరు బస్సులోనే ఉంటారు. ఎక్కడానికి మాత్రం నమ్మవద్దు. ఆ 7:43 ఎలా పుట్టిందో చెబితే మీకే అర్థమవుతుంది.

యాప్‌లు చూపించే సమయాల్లో అధిక భాగం జీటీఎఫ్ఎస్ అనే రూపంలో రవాణా సంస్థలు ప్రకటించే సమాచారం నుంచి వస్తాయి. అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి 2005లో దీనికి రూపకల్పన చేశాయి. అందులో జీ అక్షరం మొదట గూగుల్‌కు సంకేతం, తర్వాత అందరూ వాడుతుండటంతో జనరల్‌గా మారింది. ఆ సమాచారంలో ప్రతి స్టాప్‌కూ సమయం ఇవ్వవలసిన అవసరం లేదు. బస్సు సమయం పాటించవలసిన ముఖ్యమైన స్టాప్‌లకు ఇస్తే సరిపోతుంది. మధ్యలో ఉన్న స్టాప్‌లకు దూరాన్ని బట్టి సమయాన్ని పంచి చూపిస్తారు. మీ లోయ మలుపు స్టాప్ అటువంటిదే అయితే, 7:43 అనేది ఒక భాగహారం ఫలితం మాత్రమే. ఆ నిమిషానికి అక్కడ ఉండాలని డ్రైవరుకు ఎవరూ చెప్పి ఉండరు. ఎక్కేవాళ్లు లేని రోజున బస్సు అయిదు నిమిషాలు ముందే ఆ మలుపు దాటిపోవచ్చు. అందుకని మధ్య స్టాప్‌లో ఎక్కవలసి వస్తే పది నిమిషాలు ముందే నిలబడాలి, వీలైతే సమయం పాటించే స్టాప్ దాకా నడిచి అక్కడే ఎక్కాలి.

ఇంకొక సంగతి. అదే సమాచారంలో సెలవు రోజుల మినహాయింపులు వేరే ఫైలులో ఉంటాయి. సంస్థ ఆ ఫైలును కొత్తగా పెట్టకపోతే, పండుగ రోజున కూడా యాప్ మామూలు రోజు బస్సునే చూపిస్తుంది. అర్ధరాత్రి దాటిన ట్రిప్పులను అందులో 25:10 అని రాస్తారు, ఎందుకంటే ఆ ట్రిప్పు ముందు రోజు లెక్కలోకే వస్తుంది. ఇది మన విషయానికి అంతగా పనికిరాదు కాని, మొదటిసారి చూసినప్పుడు నాకు భలే ముచ్చట వేసింది.

నీలిమబ్బు

యాప్ సంగతి వచ్చింది కాబట్టి గోడ మీది టైమ్‌టేబుల్ సంగతి నేను చెబుతాను.

రెండేళ్ల కిందట ఒక దారికి వెళ్లాను. బస్సు నంబరు, సమయం రాసుకున్నాను. అదే నంబరు బస్సు సరిగ్గా అదే సమయానికి వచ్చింది. ఎక్కి కూర్చొని, కిటికీ పక్కన నిద్రపోయాను. బస్సు ఆగి ఇంజను ఆపిన చప్పుడుకు మెలకువ వచ్చింది. బయట కొండలు లేవు, ఒక కూడలి, ఒక వేపచెట్టు ఉన్నాయి. ఈ ట్రిప్పు ఇక్కడికే అని కండక్టరు చెప్పాడు. నేను దిగవలసిన చోటు ఇంకా తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉంది. తిరిగి వచ్చాక బస్టాండులోని బోర్డును దగ్గరగా చూశాను. ఆ సమయం పక్కన ఎర్ర రంగులో చిన్న నక్షత్రం గుర్తు ఉంది, ఎండకు వెలిసి దాదాపు గులాబీ రంగుకు వచ్చింది. బోర్డు అడుగున, బల్ల చాటున, ఆ నక్షత్రానికి అర్థం రాసి ఉంది: ఆ ట్రిప్పు బడులు నడిచే రోజుల్లో మాత్రమే చివరిదాకా వెళుతుంది. నేను వెళ్లింది ఆదివారం.

అప్పటినుంచి నేను నంబరును నమ్మను. బస్సు ముందు భాగంలో రాసిన గమ్యస్థానం పేరును చదువుతాను, ఎక్కేటప్పుడు నేను దిగే చోటు పేరు చెప్పి అక్కడిదాకా వెళుతుందా అని అడుగుతాను. అడిగితే మరొక లాభం ఉంది. మీరెక్కడ దిగాలో కండక్టరుకు గుర్తుంటుంది. చాలాసార్లు తిరుగు బస్సు ఎన్నింటికో, ఏ పక్కన ఆగుతుందో ఆయనే చెబుతాడు. ఆ ఏ పక్కన అనేది చిన్న విషయం కాదు. పల్లె రోడ్ల మీద స్టాప్ బోర్డు ఒకవైపే ఉంటుంది, ఊరి చివర బస్సు చుట్టు తిరిగి వచ్చే చోట వెళ్లేదీ వచ్చేదీ ఒకే వైపు ఆగుతాయి.

వాలుబాట

చర్చ బస్సుల చుట్టూనే తిరుగుతోంది కాబట్టి దారిని ఎంచుకునే పద్ధతి గురించి కొంత రాస్తాను. చాలామంది ముందు అందమైన శిఖరాన్ని ఎంచుకొని, ఆ తర్వాత అక్కడికి బస్సు ఉందా అని వెతుకుతారు. లేదని తేలగానే నిరుత్సాహపడతారు. నేను తిరగేసి చేస్తాను. నగరం నుంచి బయటకు వెళ్లే బస్సు రూట్లను మ్యాప్ మీద ఒక్కొక్కటిగా చివరిదాకా అనుసరిస్తాను. ఏ రెండు రూట్లు ఒకే కొండకు చెరొక పక్కన ముగుస్తున్నాయో చూస్తాను. ఆ రెంటినీ కలిపే కాలిబాట ఉంటే నా దారి దొరికినట్టే. ఇలా వెతికితే ఎవరూ చెప్పని దారులు బయటపడతాయి, ఎందుకంటే కారులో వచ్చేవాళ్లు కారు దగ్గరకే తిరిగి వెళ్లాలి కాబట్టి వాళ్లు రాసే వివరాలన్నీ చుట్టుదారుల గురించే ఉంటాయి.

దీనికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ బాగా ఉపయోగపడుతుంది. 2004లో మొదలైన ఈ మ్యాప్‌ను స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే నింపుతున్నారు. కాలిబాటలకు కష్టం స్థాయి, బాట ఎంత స్పష్టంగా కనబడుతుంది అనే గుర్తులు కూడా అందులో పెట్టవచ్చు. ఆ గుర్తులు లేని బాటను నేను సందేహంతోనే చూస్తాను, ఎవరో ఉపగ్రహ చిత్రం మీద చూసి గీసిన పశువుల దారి కావచ్చు. మ్యాప్‌ను ముందే ఫోన్‌లోకి దించుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టినా పనిచేస్తుంది, బ్యాటరీ కూడా చాలాసేపు వస్తుంది.

ఇక, స్టాప్ నుంచి కాలిబాట మొదలయ్యే చోటు దాకా ఉన్న దూరాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది కిలోమీటరే కావచ్చు, కాని పక్కన నడిచే చోటు లేని మలుపుల రోడ్డు అయితే ఆ రోజు మొత్తంలో అన్నిటికంటే ప్రమాదకరమైన కిలోమీటరు అదే. మలుపులో ఎదురుగా వచ్చే వాహనం కనబడేలా, వాహనాలకు ఎదురు దిశలో నడవాలి.

దారిబత్తెం గారి దారి విషయంలో నాకు నచ్చిన అంశం ఒకటుంది. నేను మ్యాప్‌లో చూసే మొదటి విషయం నిచ్చెన మెట్లు. శిఖరపు గట్టు వెంబడి వెళ్లే దారి నుంచి, గంటకొకసారైనా, పక్కకు దిగి రోడ్డు చేరే అడ్డదారి ఉండాలి. వాన వచ్చినా, మడమ మెలితిరిగినా ఆ మెట్టు మీదుగా దిగిపోవచ్చు. మీ వివరాలనుబట్టి మీ దారి రోడ్డుకు మరీ దూరంగా పోదు. బయలుదేరే ముందు ఆ అడ్డదారులను గుర్తుపెట్టుకొని, ఒక్కొక్కటి ఏ స్టాప్‌కు చేరుతుందో పక్కనే రాసుకోండి.

నాలుగుచక్రాలు

ఇంత లెక్క, ఇంత జాగ్రత్త చూస్తుంటే నలుగురు కలిసి ఒక కారు మాట్లాడుకోవడం మేలనిపిస్తోంది. తెల్లవారకముందే కొండ చేరవచ్చు, సూర్యోదయం చూడవచ్చు. బస్సులో అది సాధ్యం కాదు కదా.

వాలుబాట

సూర్యోదయం సంగతి ఒప్పుకుంటున్నాను. బస్సుతో అది దాదాపు కుదరదు. కాని కారు కట్టేసిన చోటికి మళ్లీ రావాలి. 14 కిలోమీటర్ల ఈ దారిని కారులో వచ్చి నడవాలంటే 28 కిలోమీటర్లు నడవాలి, లేదా రెండు కార్లు కావాలి. కొండను ఒక పక్క ఎక్కి మరో పక్క దిగే హాయి బస్సులో వచ్చినవాళ్లదే.

కొత్తమెట్టు

హాంకాంగ్‌లో కొంతకాలం ఉన్నాను. అక్కడ భూభాగంలో దాదాపు 40 శాతం రక్షిత పార్కులుగా ఉంది, కొండదారుల కొసలు చాలా వాటికి నగర బస్సులో చేరుకోవచ్చు. 1979లో తెరిచిన మెక్లెహోస్ దారి 100 కిలోమీటర్ల పొడవైనది. దాన్ని పది భాగాలుగా విభజించారు కాబట్టి ఒక్కో సెలవు రోజున ఒక్కో భాగం నడిచేవాళ్లు ఎందరో ఉంటారు. దారి పొడవునా ప్రతి 500 మీటర్లకు అంకె వేసిన స్తంభం ఉంటుంది. ఎవరికైనా ప్రమాదం జరిగితే ఆ అంకె చెబితే చాలు, సహాయక బృందం నేరుగా అక్కడికి వస్తుంది.

స్విట్జర్లాండ్ పసుపు బోర్డుల గురించి కూడా విన్నాను. వాటి మీద దూరం కాకుండా నడక సమయం రాస్తారట, నిజమేనా?

గడియారం

నిజమే. గమ్యం పేరు పక్కన గంటలు, నిమిషాలు ఉంటాయి. చదునైన నేల మీద గంటకు 4.2 కిలోమీటర్ల వేగాన్ని ఆధారంగా తీసుకొని, ఎత్తుపల్లాలను కలిపి లెక్కిస్తారు. విశ్రాంతి సమయం అందులో ఉండదు. బస్సు కోసం నడిచేవాడికి దూరం కంటే సమయమే కావాలి కదా. మన దగ్గర బోర్డులు లేని దారుల్లో ఆ పని మనమే చేసుకోవాలి. నేను మొదటి గంటలో ఎంత దూరం వచ్చానో చూసుకొని, వేసుకున్న అంచనాతో పోల్చి, మిగతా దారి సమయాన్ని అక్కడికక్కడే సరిదిద్దుకుంటాను.

పాతబూట్లు

వెలుతురు గురించి ఎవరూ రాయలేదు. చాచిన చేతితో సూర్యుడికీ దిగంతానికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూసి, వేలికి పావుగంట చొప్పున లెక్కపెట్టే పద్ధతి చాలామందికి తెలుసు. నేను కూడా దాన్నే నమ్మి ఒకసారి చీకటిలో దిగవలసి వచ్చింది.

గడియారం

ఆ పద్ధతి భూమధ్యరేఖకు దూరంగా ఉన్న దేశాలకు కొంత నయం, ఎందుకంటే అక్కడ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు. ఉష్ణమండలంలో దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు కదులుతాడు. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలను కప్పుతుంది. అంటే నిలువుగా దిగే సూర్యుడికి పిడికిలి మందం 40 నిమిషాలే. సంధ్యవెలుగు కూడా ఉష్ణమండలంలో పాతిక నిమిషాలకు మించి నిలవదు. పడమట కొండ అడ్డంగా ఉంటే లోయలో అంతకంటే ముందే మసక పడుతుంది. తలకు పెట్టుకునే దీపం పగటి నడకకు కూడా సంచిలో ఉండాలి. చీకటి పడ్డాక స్టాప్‌లో నిలబడినప్పుడు బస్సు డ్రైవరుకు మీరు కనబడేలా చేసేదీ అదే, కాకపోతే కళ్లలోకి కాకుండా నేల మీదకు వెలుతురు పడేలా పట్టుకోవాలి.

చివరిసీటు

వానాకాలం మాట కూడా ఒకటి. మెరుపు కనబడిన 30 సెకన్ల లోపు ఉరుము వినబడితే గట్టు మీద ఉండకూడదు, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. పక్కలు తెరిచి ఉన్న బస్సు షెల్టరు పిడుగు నుంచి కాపాడదు. బస్సు మాత్రం కాపాడుతుంది, దాని లోహపు పైకప్పూ గోడలూ విద్యుత్తును బయటి నుంచే నేలకు పంపిస్తాయి. ఉరుములు మొదలైన రోజున మొదట వచ్చిన బస్సు ఎటు వెళ్లేదైనా ఎక్కేయడం నా పద్ధతి.

నీలిమబ్బు

ఎక్కేముందు బూట్ల బురదను రాయికి దులిపి, కర్రల మొనలకు టోపీలు తొడిగి, సంచిని ఒళ్లో పెట్టుకోండి. ఆ బస్సులో పనికి వెళ్లి వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్ల సీటు మన సంచికి ఇవ్వకూడదు.

దారిబత్తెం

నిన్న వెళ్లి వచ్చాను. వివరాలు రాస్తున్నాను.

బస్సు ఎక్కేటప్పుడు ఊరు చివరిదాకా వెళుతుందా అని అడిగాను. కండక్టరు నా బూట్ల వంక చూసి, కొండకేనా అన్నాడు. లోయ మలుపులో దిగమని నేను అడగకుండానే చెప్పాడు. అక్కడికి చేరేసరికి 7:38, అంటే యాప్ చెప్పినదానికంటే అయిదు నిమిషాలు ముందు. గడియారం గారి భాగహారం కళ్లెదుట కనబడింది.

మొదటి రెండు గంటలు అనుకున్నదానికంటే వేగంగా నడిచాను. శిఖరం దాటాక దిగుడులో రాతి పలకలు పరచినట్టున్న వాలు వచ్చింది, రాత్రి కురిసిన చినుకులకు అది ఇంకా తడిగానే ఉంది. మ్యాప్‌లో అది మూడు వందల మీటర్లు. పాతబూట్లు గారి మాట గుర్తుపెట్టుకొని ఒక కర్ర తీసుకువెళ్లడం మంచిదైంది. ముందు కర్ర మొన పలక పగులులో ఆనించి, తర్వాత ఒక పాదం, ఆ తర్వాత రెండో పాదం. ఆ మూడు వందల మీటర్లకు ముప్పావుగంట పట్టింది. పెద్ద రోడ్డు చేరేసరికి 1:35 అయింది. మొత్తం దాదాపు 6 గంటలు. స్టాప్‌లో పన్నెండు నిమిషాలు నిలబడ్డాను, బస్సు వచ్చింది. నేను మొదట అనుకున్నట్టు దిగువ నుంచి నడిచి ఉంటే ఆ పాటికి ఊళ్లో రచ్చబండ మీద కూర్చొని 6:40 కోసం చూస్తూ ఉండేవాణ్ణి.

ఇప్పుడు ఇంకొక దారి కనబడింది. వాలుబాట గారి పద్ధతిలోనే, రెండు రూట్ల చివర్లను పట్టుకొని వెతికాను. పొడవు 11 కిలోమీటర్లు. కాని ఈసారి రెండు కొసలకూ రోజుకు మూడేసి ట్రిప్పులే ఉన్నాయి.

చివరిసీటు

రెండు కొసల సమయాలనూ ఆదివారం వరుసతో సహా ఇక్కడ పెట్టండి. గోడ మీది బోర్డును ఫొటో తీసి పెడితే ఇంకా మంచిది, అడుగు భాగం కూడా పడేలా.